ఫ్లాలెస్ (2007): ఫ్లాస్కు నిండా వజ్రాలు చాలన్న స్వీపర్

పాతరీలు

నిన్న రాత్రి ఈ సినిమా రెండోసారి చూశాను. మొదటిసారి చూసినప్పుడు దొంగతనం ఎలా చేశారన్న టెన్షనే తప్ప వేరే ఏదీ పట్టలేదు. ఈసారి మాత్రం ఎందుకు చేశారన్నదే మనసులో తిరుగుతోంది. కథ మొత్తం, చివరి మలుపుతో సహా మాట్లాడుకుందాం. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1960, లండన్. లండన్ డైమండ్ కార్పొరేషన్ అనే కంపెనీ. అందులో లారా క్విన్ (డెమీ మూర్) మేనేజరు. అమెరికా మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంది, ఆ స్థాయిలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆలస్యంగా ఇంటికెళ్తుంది. ప్రమోషన్ మాత్రం ప్రతిసారీ మరొకరికి వెళ్తుంది. అదే భవనంలో రాత్రిళ్లు ఊడ్చి తుడిచే ముసలాయన హాబ్స్ (మైకేల్ కెయిన్). లారాను ఉద్యోగంలోంచి తీసేయబోతున్నారన్న సంగతి లారాకంటే ముందు ఆయనకు తెలుస్తుంది. అది చెప్పి, ఖజానా నుంచి ఒక్క ఫ్లాస్కు నిండా వజ్రాలు తీద్దాం, అన్ని రాళ్లలో ఆ కాసిని పోయినట్టు కూడా వాళ్లకు తెలియదు అంటాడు.

తెల్లారేసరికి ఖజానా మొత్తం ఖాళీ.

నాకు బాగా పట్టేసింది హాబ్స్ పాత్ర. తుడిచే మనిషి గదిలోకి వస్తే పెద్దమనుషులు మాట ఆపరు. కాగితాలు మూయరు. ఆయన అక్కడ ఉన్నట్టే వాళ్లకు అనిపించదు. ఆ కంపెనీ గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది అందుకే ఆయనకు. మీరేమంటారు?

సత్య_గాజువాక

పాతరీలు గారూ, మీరు చెప్పిన పాయింటు ఒప్పుకుంటాను కానీ సినిమాగా నాకు అంతగా నచ్చలేదండీ. మొదటి అరగంట చాలా నెమ్మది. పైగా కథంతా ముసలి లారా ఒక కుర్ర విలేకరికి చెబుతున్నట్టు నడుస్తుంది కదా, ఆ ముసలి మేకప్ చూస్తే నమ్మబుద్ధి కాలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని కథ చెబుతోందంటే చివరికి ఆవిడకేమీ కాలేదని మొదటి సీనులోనే తెలిసిపోయింది. ఇంకేం టెన్షన్ మిగిలింది?

కెయిన్ మాత్రం అద్భుతం. ఆ ముఖంలో అమాయకత్వం నిజమా నటనా అని చివరిదాకా తేల్చుకోలేకపోయాను.

లండన్_వదిన

నేను ఇంగ్లండులోనే ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్నాను, అందుకే ఒక విషయం ముల్లులా గుచ్చుకుంది. హాబ్స్ కోపానికి కారణం భార్య చావు. ఇన్సూరెన్స్ వాళ్లు చికిత్సకు డబ్బు ఇవ్వకుండా ఎగ్గొట్టారు, ఆ నిర్ణయం వెనక ఉన్నది సింక్లెయిర్ అనే పెద్దమనిషి. అదే సింక్లెయిర్ ఇప్పుడు ఈ వజ్రాలకు బీమా ఇచ్చినవాడు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఇక్కడ 1948 జులై 5న ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య సేవ, మొదలైంది. సామాన్యుడికి కూడా ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం. 1960 నాటికి ఒక స్వీపర్ భార్య ప్రైవేటు బీమా లేక చనిపోవడమేమిటి? కథ న్యూయార్కులో పెట్టి ఉంటే ఒక్క మాట అడిగేదాన్ని కాదు.

పాతరీలు

వదినగారూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. సినిమా కూడా దాని జోలికి పోలేదు. ఆవిడ చావు ఎన్‌హెచ్‌ఎస్ కంటే ముందు ఎప్పుడో జరిగిందనుకుంటే సరిపోతుంది, కానీ అది మనం అతికిస్తున్న అతుకు.

సత్య గారూ, బతికి ఉందని ముందే తెలియడం నాకు అడ్డు కాలేదు. "దొరుకుతుందా?" అన్న ప్రశ్న పోయి "ఏం చేసింది, ఎందుకు?" అన్న ప్రశ్న మిగిలింది.

సూరత్_శ్రీను

నేను ఆరేళ్లు సూరత్‌లో ఒక వజ్రాల ఆఫీసులో రఫ్ (సానపట్టని ముడి వజ్రాలు) వేరుచేసే పని చేశాను. అందుకని దొంగతనం లెక్క చెబుతా, ఓపికగా చదవండి.

సినిమాలో పోయినవి సుమారు రెండు టన్నులు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. అంటే కోటి క్యారెట్లు. వజ్రం నీళ్లకంటే మూడున్నర రెట్లు బరువు. రాళ్ల మధ్య సందులు కూడా కలిపితే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న తొట్టి దాదాపు నిండుతుంది. మామూలు పదిహేను లీటర్ల బకెట్లో నింపితే ముప్పై కిలోలకు పైనే తూగుతుంది. అంటే అరవై డెబ్బై బకెట్లు. ఎనిమిది గంటల డ్యూటీ అనుకుంటే ఏడెనిమిది నిమిషాలకొక బకెట్ చొప్పున, రాత్రంతా, కూర్చోకుండా. పైగా కొత్తగా పెట్టిన కెమెరాలు. కాపలావాడి తెర మీద ఒక్కో కెమెరా దృశ్యం వంతులవారీగా వస్తుంది, ఆ వంతుల మధ్య సందులోనే పని అంతా జరగాలి.

అరవై దాటిన మనిషికి ఇది సాధ్యమా? చాలా కష్టం. కానీ బయటి గేటు దాటించాల్సిన పని లేకపోవడమే ఇందులో తెలివి. సరుకు అంతా మురుగు గొట్టంలోకి పోశాడు. భవనం కింద కాలువలోనే ఉంది. లోకమంతా వెతుకుతుంటే వజ్రాలు వాళ్ల కాళ్ల కిందే ఉన్నాయి.

మా దగ్గర ఒక్క రాయి కనిపించకపోయినా తలుపులు మూసి నేల మొత్తం ఊడ్పించేవాళ్లు. ఊడ్చిన దుమ్ము పారేసేవాళ్లు కాదు, జల్లెడ పట్టేవాళ్లు. ఊడ్చేవాళ్లను అందరికంటే ఆఖర్న బయటికి పంపేవాళ్లు. అందుకే "ఊడ్చేవాణ్ని ఎవరూ పట్టించుకోరు" అన్న మాట మా లైనులో నడవదు. అందరికంటే ముందు అనుమానించేది వాళ్లనే.

గని_బాబాయ్

శ్రీనూ, లెక్క బాగా చెప్పావు. నేను గనుల్లో పనిచేసి రిటైరయ్యాను, ఇంకొకటి కలుపుతాను. వజ్రానికి నీళ్లు అంటవు, జిడ్డు అంటుకుంటుంది. దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనుల్లో ఈ గుణాన్నే వాడుకున్నారు. వాలుగా పెట్టిన బల్లలకు గ్రీజు పూసి, నలగ్గొట్టిన రాతిని నీళ్లతో పాటు వాటి మీదుగా పారిస్తే మట్టి కొట్టుకుపోతుంది, వజ్రాలు గ్రీజుకు అతుక్కుపోతాయి. లండన్ మురుగు కాలువ అంటే వంటిళ్ల కొవ్వంతా చేరే చోటు. అందులో పోసిన రాళ్లు బరువుకు అడుగుకు చేరి, ఆ జిడ్డులో ఇరుక్కుని ఎక్కడివక్కడే ఉండే అవకాశం చాలా ఉంది. రాసినవాళ్లు ఇది ఆలోచించి రాశారో లేదో గానీ, నాకు మాత్రం ఆ మలుపు నమ్మదగ్గదిగానే ఉంది.

అదే కింబర్లీలో పనివాళ్ల సంగతి కూడా తెలుసుకోవాలి. 1880ల నుంచి నల్లజాతి కార్మికుల్ని కాంట్రాక్టు అయిపోయేదాకా నెలల తరబడి చుట్టూ కంచె వేసిన కాంపౌండ్లలోనే ఉంచేవారు. ఇంటికి పంపేముందు కొన్ని రోజులు విడిగా పెట్టి, ఏమైనా మింగారేమోనని విరేచనాల మందు ఇచ్చి, చేతులకు తోలు తొడుగులు వేసి కాపలా కాసేవారు. 1888లో పుట్టిన డి బీర్స్ కంపెనీ ఆ వ్యవస్థ మీదే పెరిగింది. సినిమాలో కంపెనీకి పేరు మార్చారు గానీ, లండన్‌లో కూర్చుని లోకంలోని ముడి వజ్రాలన్నీ తమ చేతుల మీదుగా పంచే పద్ధతి డి బీర్స్‌దే. ఏడాదికి పదిసార్లు ఎంపిక చేసిన కొనుగోలుదారుల్ని పిలిచి, ఒక పెట్టె ముందు పెట్టేవారు. చెప్పిన ధరకు పెట్టె మొత్తం తీసుకోవాలి, లేదా వదిలేయాలి. ఏరుకోవడం, బేరమాడడం లేదు.

లారా ఉద్యోగం ఎందుకు పోబోతోందో గుర్తుందా? రష్యా వాళ్లతో ఒప్పందం. దక్షిణాఫ్రికాతో సంబంధమున్న కంపెనీతో బాహాటంగా వ్యాపారం చేయడం వాళ్లకు రాజకీయంగా ఇబ్బంది. పైకి తెగతెంపులు చేసుకున్నట్టు కనిపిద్దాం, లోపల వ్యాపారం సాగిద్దాం అన్న ఉపాయం లారాదే. ఆ రహస్యం తెలిసిన మనిషి బయట ఉండకూడదని ఆమెనే తీసేయాలనుకుంటారు. ఇది గాలిలోంచి పుట్టిన కథ కాదు. సైబీరియాలో మీర్ గని 1955లో బయటపడింది. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో పాస్ చట్టాలకు (నల్లజాతివాళ్లు అనుమతి పత్రం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలనే చట్టాలు) వ్యతిరేకంగా వచ్చిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. ఆ తర్వాత లోకం దక్షిణాఫ్రికాను వెలివేస్తున్న రోజుల్లో కూడా సోవియట్ వజ్రాలు గుట్టుగా డి బీర్స్ దారిలోనే అమ్ముడుపోయాయి.

పత్తికొండ_పిల్లాడు

బాబాయ్ గారూ, కింబర్లీ దాకా ఎందుకండీ, మన నేల మీదే ఈ కథ అంతకు ముందు నడిచింది. మాది కర్నూలు జిల్లా. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతూ కనిపిస్తారు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వండుకుని ఉంటారు. మా తాతతో నేనూ తిరిగాను.

17వ శతాబ్దంలో గోల్కొండ, బీజాపూర్ గనులు చూసిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే రాసిపెట్టాడు. మా వైపు రామళ్లకోటలో గని కూలీకి ఏడాదికి మూడు వరహాలు. ప్రతి యాభై మంది కూలీలకు పన్నెండు నుంచి పదిహేను మంది కాపలా. పెద్ద రాయి దొరికి యజమానికి అప్పగిస్తే తలపాగాకు ఒక గుడ్డ, చేతిలో కొద్దిగా డబ్బు. అంతే. ఒకడు రాయిని కంటి మూలలో దాచుకుని దొరికిపోయాడట. కంట్లో దాచుకోవడమంటే ఎంత నొప్పి! కొల్లూరు గనిలో, అదే కోహినూరు దొరికిందని చెప్పుకునే చోట, ఆడా మగా పిల్లలూ కలిపి అరవై వేల మంది పనిచేశారని రాశాడు. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది.

ఈ సినిమా చూస్తున్నంతసేపూ నాకు ఆ కంట్లో రాయి పెట్టుకున్న మనిషే గుర్తొచ్చాడు. మూడు వరహాలిచ్చి యాభై మందికి పదిహేను మంది కాపలా పెట్టే బదులు ఆ కాపలా జీతాలు కూలీలకు పంచి ఉంటే సరిపోయేది కదా.

నిర్మల_కూకట్‌పల్లి

అందరూ హాబ్స్ గురించి, రాళ్ల గురించి మాట్లాడుతున్నారు. లారా గురించి ఎవరైనా మాట్లాడతారేమోనని చూశాను.

నేనొక కంపెనీలో పదకొండేళ్లు పనిచేశాను. పేరు వద్దు. మూడేళ్లు నేను తయారుచేసిన రిపోర్టులు మా పైఆయన తన పేరుతో పైవాళ్లకు పంపాడు. మేనేజర్ పోస్టు వచ్చినప్పుడు, నేను పని నేర్పించిన అబ్బాయికి ఇచ్చారు. "నీకు చిన్నపిల్లలు కదమ్మా, తిరుగుళ్లు కష్టం" అన్నారు. తిరగనని నేనెప్పుడూ అనలేదు. నన్నెవరూ అడగలేదు. ఆ రోజు బాత్రూంలో ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి ఆ అబ్బాయికి కంగ్రాట్స్ చెప్పాను.

సినిమాలో మీటింగు సీన్లు చూడండి. లారా ఒక ఆలోచన చెబుతుంది. గదిలో నిశ్శబ్దం. తర్వాత అదే ఆలోచన కంపెనీది అయిపోతుంది. డెమీ మూర్ అక్కడ ఏమీ చేయదు. పెదాలు బిగించి కూర్చుంటుంది. ఆ బిగింపు నాకు తెలుసు.

ఇక నాకు కోపం తెప్పించింది కంపెనీ ఒక్కటే కాదు, హాబ్స్ కూడా. ఆయన ఆమెకు చెప్పింది ఏమిటి? ఒక్క ఫ్లాస్కు. చేసింది ఏమిటి? మొత్తం ఊడ్చేశాడు, తిరిగివ్వడానికి పది కోట్ల పౌండ్లు అడిగాడు. ఖజానా నంబరు తెచ్చిచ్చింది ఆమె. దొరికితే జైలుకెళ్లేది ఆమె. ఆయన పగ సింక్లెయిర్ మీద, ఆ పగ తీర్చుకోవడానికి ఆమెను వాడుకున్నాడు. పైవాళ్లు ఆమె తెలివిని వాడుకున్నారు, ఈయన ఆమె కోపాన్ని వాడుకున్నాడు. పాతరీలు గారూ, మీ హాబ్స్‌ను నేను అంత తేలిగ్గా మెచ్చుకోలేను.

లండన్_వదిన

నిర్మలా, నువ్వు రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

కాలం సంగతి ఒకటి చెబుతాను. ఈ కథ జరిగిన ఎనిమిదేళ్లకు, 1968లో, డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్ల కవర్లు కుట్టే ఆడవాళ్లు సమ్మె చేశారు. 187 మంది. వాళ్ల పనిని తక్కువ నైపుణ్యం పనిగా లెక్కకట్టి మగవాళ్లకంటే తక్కువ జీతం ఇస్తున్నందుకు. ఆ సమ్మె తర్వాతే 1970లో సమాన వేతన చట్టం వచ్చింది, అమల్లోకి వచ్చేసరికి 1975 చివరి రోజులు. అంటే 1960లో లారాకు వెళ్లి చెప్పుకోవడానికి చట్టమే లేదు. కోర్టు లేదు, యూనియన్ లేదు. ఆమె దొంగతనానికి ఒప్పుకోవడాన్ని నేను సమర్థించను గానీ, వేరే తలుపేదీ తెరిచి లేదన్నది మాత్రం నిజం.

సత్య_గాజువాక

నిర్మల గారు చెప్పాక ఆ చివరి భాగం మళ్లీ పెట్టి చూశాను. మురుగు కాలువలో లారా హాబ్స్‌ను పట్టుకునే సీను. మొదటిసారి నేను రాళ్లనే చూశాను. ఈసారి ఆమె ముఖం చూశాను. అందులో ఉన్నది మోసపోయిన మనిషి కోపం. ఆయన తన భార్య గురించి చెబుతుంటే ఆ కోపం పూర్తిగా పోదు, కానీ ఆమె ఆయన్ని పట్టించదు. రాళ్లు ఎక్కడున్నాయో మాత్రం చెబుతుంది. ఇంకేం టెన్షన్ మిగిలింది అని నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. ముసలి మేకప్ గురించి రాసింది మాత్రం కాదు.

నిర్వాహకుడు

కొంతమంది డి బీర్స్, కోహినూరు తిరిగి ఇవ్వాలా వద్దా అన్న వాదన ఇక్కడ మొదలుపెట్టారు. ఆ పోస్టులను చరిత్ర విభాగంలోకి మార్చాం. ఇక్కడ సినిమా గురించి కొనసాగించండి.

పాతరీలు

నిర్మల గారూ, మీ మాట నిజం. హాబ్స్ ఆమెను వాడుకున్నాడు. నేను ఆయన బాధ చూసి ఆ సంగతి దాటేశాను. సినిమా కూడా దాన్ని పూర్తిగా దాటనివ్వదు. ఆయన చివర్లో డబ్బు మొత్తం ఆమె పేర వదిలి వెళ్లిపోవడం ఒక రకంగా క్షమాపణే, కానీ అడిగి చేసింది కాదు.

సింక్లెయిర్ ఎందుకంత కూలిపోతాడో ఒకరు ప్రైవేటు సందేశంలో అడిగారు. లండన్ బీమా మార్కెట్ లాయిడ్స్ పద్ధతి అది. అక్కడ బీమాకు పూచీ పడింది కంపెనీ కాదు, మనుషులు. 'నేమ్స్' అనేవారు. వాళ్ల బాధ్యతకు హద్దు లేదు. క్లెయిమ్ వస్తే ఇల్లు, పొలం, ఒంటి మీద బట్టల దాకా పోయినా కట్టాల్సిందే. ఒక పేదవాడి క్లెయిమ్‌ను కలం పోటుతో కొట్టేసిన మనిషిని, ఎగ్గొట్టడానికి వీల్లేని క్లెయిమ్ కింద నలిపేయడమే హాబ్స్ పథకం. ఆయనకు వజ్రాలతో పని లేదు.

నటుడి గురించి ఒక మాట. మైకేల్ కెయిన్ నాన్న లండన్‌లో బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్లో మూటలు మోసే కూలీ. అమ్మ ఇళ్లల్లో వంట, పాచిపని చేసేది. అందుకేనేమో ఆ చీపురు పట్టుకునే తీరులో నటన కనపడదు. పదకొండేళ్ల తర్వాత, 2018లో, హాటన్ గార్డెన్ నగల లాకర్లను 2015లో దోచిన ముసలాళ్ల కథలోనూ ఆయనే నటించాడు. అందులో అన్ని హంగులున్నా నాకు హాబ్సే ఎక్కువ గుర్తున్నాడు. దర్శకుడు మైకేల్ రాడ్‌ఫర్డ్ పుట్టింది మన న్యూఢిల్లీలో, 1946లో.

రమేష్_తణుకు

ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మ ఇరవై రెండేళ్లు ఒక ఆఫీసులో స్వీపర్‌గా చేసి రిటైరైంది. ఈ చర్చ చదివి నిన్న రాత్రి అమ్మకు ఈ సినిమా చూపించాను. ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెబుతూ పోయాను.

హాబ్స్ రాత్రిపూట వరండాలో నడిచే చోట ఆపమంది. "బకెట్ నిండుగా ఉంటే నడక మారుతుంది రా. భుజం ఒక పక్కకు దిగుతుంది. ఆ కాపలావాడు ఒక్కసారి ఈయన నడక చూసి ఉంటే పట్టేసుకునేవాడు" అంది. సూరత్ శ్రీను గారి లెక్క చెప్పాను, ముప్పై కిలోల బకెట్లు అరవై డెబ్బై అని. అమ్మ తన కుడి మోచెయ్యి పట్టుకుని, "ఒక్క రాత్రిలోనా? మర్నాడు అన్నం కలుపుకోలేడు" అంది. తను పనిచేసినప్పుడు మూడో అంతస్తుకు నీళ్లు మోసేదట. లిఫ్టు ఉండేది, బకెట్‌తో ఎక్కనిచ్చేవారు కాదు. ఆ సంగతి నాకు నిన్నటిదాకా తెలియదు.

చివర్లో లారా ఆ డబ్బంతా బతికినన్నాళ్లూ దానం చేసిందని చెప్పాను. అమ్మ అడిగింది, "ఎవరికి? ఆ ఆఫీసులో ఊడ్చేవాళ్లకు ఏమైనా ఇచ్చిందా?"

సినిమాలో ఆ సంగతి ఎక్కడైనా ఉందా అండీ? నేను చెప్పడంలో వదిలేశానేమోనని అడుగుతున్నాను.

పాతరీలు

లేదు రమేష్ గారూ, మీరు వదిలేయలేదు. మంచి పనులకు ఇచ్చిందని చెబుతారు గానీ ఎవరెవరికో చూపించరు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ నడక సీను నేను మూడోసారి చూస్తాను.